పది గజాలూ ఐదు వేళ్ళూ

"వేర్ ఈజ్ ఆండీ?" అన్నాడు చారల చొక్కా రెఫరీ, చేతిలో తడిసి మెత్తబడ్డ కాగితం చూసుకుంటూ.

"మీ, అండి," అన్నాడు బ్రహ్మాజీ.

"యెస్, ఆండీ. వేర్ ఈజ్ హీ?"

"హియర్, అండి."

రెఫరీ ఒకసారి బ్రహ్మాజీని, ఒకసారి అతని వెనక ఖాళీగా ఉన్న గాల్వే ఆకాశాన్ని, ఒకసారి కాగితాన్ని చూశాడు. ఆండీ అనేవాడు ఎర్రజుట్టుతో ఎక్కడో టీ తాగుతూ ఉండాలి కదా అని అతని అవస్థ. మైదానం కొలిచే గొలుసుకి అవతలి కొసన కర్ర పట్టుకుని నిలబడ్డ గిడియన్, బాపట్లవాడు, ఆసుపత్రిలో నర్సు, రోజుకి నలభై మంది అయోమయాన్ని తీర్చే అలవాటున్నవాడు, "సర్, మాకున్న ఆండీ ఈయనొక్కడే" అని ఇంగ్లీషులో తగువు తెంచాడు. ఆటలో ఆఖరి పావు మొదలవుతోంది, గొలుసు ఆ కొస నుంచి ఈ కొసకి మార్చండి అని చెప్పడానికి వచ్చాడు రెఫరీ పాపం. చెప్పి, మళ్ళీ ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్ళిపోయాడు.

తప్పు అతనిది కాదు. అండి అనే మాటకి ఐర్లండులో పుట్టిన చెవిలో ఆండీ తప్ప వేరే గది లేదు. సెప్టెంబరులో ఇదే గేటు దగ్గర కోచ్ డెక్లన్ చెయ్యి చాచి పేరడిగితే "బ్రహ్మాజీ అండి" అన్నాడు. గోదావరి జిల్లావాడు తుమ్మినా చివర అండి తగిలించి తుమ్ముతాడు, అది వాడి చేతిలో లేదు, నోట్లో ఉంది. ముందు ముక్క డెక్లన్ చెవిలో ఇమడక బయటే జారిపోయింది, తోక మాత్రం లోపలికెళ్ళింది. గొలుసు మనుషుల పట్టీలో ఆండీ అని రాసుకున్నాడు. బ్రహ్మ రాసిన రాత కాదది, బ్రహ్మాజీకి డెక్లన్ రాసిన రాత, దిద్దుకోవచ్చు. దిద్దలేదు. నలభై తొమ్మిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ మెలితిప్పి బతికినవాడికి తన పేరే మెలితిరిగి ఎదురొస్తే వదులుకోబుద్ధవుతుందా. అదొక కారణం. ఇంకో కారణం ఉంది, అది ఇప్పుడు ఈ తడి కర్ర పట్టుకుని నిలబడితే చలికి పైకి తేలుతోంది: ఆ రోజు పక్కనే కొడుకున్నాడు. విజేత. ఇరవయ్యేళ్ళు. వాడూ దిద్దలేదు. బూటు లేసు కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆండీ అనే మనిషి ఎవరైనా కావచ్చు, వాళ్ళ నాన్నే కానక్కర్లేదు. ఆ వెసులుబాటు వాడికి హాయిగా ఉందని, వాడు చెప్పలేదు, ఆ లేసు చెప్పింది.

పట్టుకోవాలి, గట్టిగా పట్టుకోవాలి, రెండు నారింజ రంగు కర్రలు, మధ్య పది గజాల గొలుసు. అమెరికన్ ఫుట్‌బాల్ అంటారు గానీ ఇందులో కాలి పని తక్కువ, చంకలో పెట్టుకుని పరిగెత్తే పని ఎక్కువ, బంతి కూడా గుండ్రంగా ఉండదు, దోసకాయలా ఉంటుంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళితే మళ్ళీ నాలుగు, వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళకి. పది గజాలు మొదలైన చోట బ్రహ్మాజీ కర్ర, ముగిసే చోట గిడియన్ కర్ర. ఫస్ట్ డౌన్, సెకండ్ డౌన్ అని కేకలేస్తారు. మా కాలేజీ రోజుల్లో డౌన్ డౌన్ అన్నాక ఎవరిదో ఒకరి పేరుకి జిందాబాద్ ఉండేది, ఇక్కడ డౌన్ తర్వాత మళ్ళీ డౌనే. భార్య వసుంధరకి ఇంకోలా చెప్పాడు: పెళ్ళి భోజనాల్లాంటిదేనే, మొదటి బంతిలో కూర్చున్నవాడికి బూరెలు, రెండో బంతికి బూరెలో సగం, మూడో బంతికి పులిహోర అడుగు, నాలుగో బంతికి నీళ్ళచారూ వడ్డించేవాడి చిరాకూ, మనవాడి జట్టు ఎప్పుడూ నాలుగో బంతేనే. వసుంధర ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా "వాడికి దెబ్బలు తగలకుండా చూడండి" అంది. చూడడం వరకూ వచ్చు. తగలకుండా చూడడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. గజమంటే మూడడుగులూ, గజమంటే ఏనుగూ, పది గజాల్ని గొలుసుతో కట్టేసిన మావటివాణ్ణి నేను, అని మొదటి మ్యాచి రోజు గిడియన్‌తో అంటే వాడు పడీ పడీ నవ్వాడు. ఇవాళ వాన. గజాలన్నీ గజగజలయ్యాయి. చెప్పలేదు ఎవరికీ, లోపలే అనుకున్నాడు. గొలుసువాడు మాట్లాడకూడదు.

అది నియమం. గొలుసు పట్టే మనుషుల్ని సొంత మైదానం జట్టే తెచ్చుకోవాలి, తెచ్చుకోకపోతే మ్యాచే లేదు, కానీ గొలుసు ముట్టుకున్న క్షణం నుంచి వాళ్ళు జట్టు మనుషులు కారు, రెఫరీ మనుషులు. చప్పట్లు కొట్టకూడదు, ఎగరకూడదు, అయ్యో అనకూడదు. చదువుకునే రోజుల్లో బ్రహ్మాజీ ఆడింది కబడ్డీ, అందులో కూత ఆగితే చచ్చినట్టు, ఇందులో కూత పెడితే చచ్చినట్టు. ఆ చావుకి ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఈ గడ్డి మీద నిలబడడానికి వేరే దారి లేదు. కిందటేడు గొడుగేసుకుని గట్టున నిలబడి, విజేతా, నీ పేరు నిలబెట్టరా అని అరిచాడు, రెఫరీని చూసి, నీకు విజిలుంది గానీ విజన్ లేదండి అని ఇంగ్లీషులో అరిచాడు, గోల్ చేసేది మీరు గోల చేసేది నేను అని పక్కవాడికి అనువాదం చేసి మరీ అరిచాడు. అవతలి జట్టు కుర్రాళ్ళు విజేతా... అని రాగం తీశారు ఆటంతా. ఇంటికొస్తూ కారులో మూడు రౌండెబౌట్లు దాటాక వాడు "యూ వర్ రోరింగ్, డాడ్" అన్నాడు. సింహంతో పోల్చాడేమో అని ఒక్క క్షణం పొంగాడు కూడా, ఈ దేశంలో గావుకేకకి ఆ మాట వాడతారని గుర్తొచ్చేదాకా. అందర్నీ నవ్వించాలనే కదరా నాన్నా అన్నాడు. వాడు కిటికీలోంచి చూస్తూ, వాళ్ళు నవ్వింది నీ జోకుకి కాదు డాడ్, అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు, వాడికి తెలుగు చెవిలో ఉంది, నోట్లోకి రాదు. ఇంక రాకు, ప్లీజ్. ఆ ప్లీజ్ ఏడాదంతా కారులో వెనక సీట్లో కూర్చుని ప్రయాణం చేసింది. ఈ సెప్టెంబరులో గొలుసుకి మనుషులు చాలలేదని కోచ్ మెసేజి పెడితే, అన్నం తింటూ వాడే అన్నాడు, ఆ పని చేసేవాళ్ళు నోరు తెరవకూడదంట, కావాలంటే నువ్వు రావచ్చు. వసుంధర పెరుగు గిన్నె పట్టుకుని అలా ఆగిపోయింది. బ్రహ్మాజీ మాత్రం సంబరపడ్డాడు. సంబరపడినట్టు కనపడ్డాడు.

ఈలలు, అరుపులు, ప్లాస్టిక్కుకి ప్లాస్టిక్కు తగిలిన చప్పుడు. కర్ర అయిదు గజాలు వెనక్కి, అడుగులు లెక్కపెట్టుకుంటూ. ఎవరి బంతి? ములింగార్ వాళ్ళది. బుల్స్ అని పేరు, ఎద్దులు, పేరుకి తగ్గట్టే మెడలు. మనవాళ్ళు హెరన్స్, కొంగలు. ఐదు మ్యాచుల సీజన్లో నాలుగు మ్యాచులు ఒంటికాలి మీదే నిలబడ్డారు. నలభై-సున్నా. లెటర్‌కెన్నీకి బస్సులో వెళ్ళి ముప్ఫైమూడు-సున్నా. ఇరవైయేడు-సున్నా. మళ్ళీ బస్సు, పంతొమ్మిది-సున్నా. ఇక్కడ ఆడిన రెండూ గొలుసు పట్టుకుని చూశాడు, బయట ఆడినవి రెండూ ఇంట్లో కూర్చుని విన్నాడు, హాల్లో బ్యాగు కిందపడే చప్పుడులోనే స్కోరు తెలిసిపోయేది. ఓటమి అంకె తగ్గుతోందండోయ్, ఇంకో మూడేళ్ళు ఆడితే సున్నా-సున్నాకి వస్తారు, అని గిడియన్‌తో అన్నాడు. కానీ మూడేళ్ళు లేవు. వరసగా రెండేళ్ళు ఒక్క మ్యాచి గెలవని క్లబ్బుకి మైదానం ఇవ్వం అని కాలేజీ క్లబ్బుల కమిటీ ఉత్తరం రాసింది. కిందటేడూ సున్నాయే. ఇవాళ ఓడితే ఈ శనివారాలు పళ్ళెం విసురుకునే ఫ్రిస్బీ వాళ్ళవి. ఉత్తరం వచ్చిన రోజు విజేత దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించాడు, పాల సీసా తీసినప్పుడల్లా కనబడేలా. స్కూలు రోజులన్నీ ఇంటికి ఒక్క స్నేహితుణ్ణి తేనివాడు వాడు. ఈ జట్టులో చేరాక గుమ్మంలో పద్దెనిమిది జతల బురద బూట్లు, వంటింట్లో, ఇక్కడివాళ్ళు ప్రెస్సులనే అల్మారాల తలుపులన్నీ బార్లా తీసి కప్పులు వెతుక్కునే పొడుగాటి పిల్లలు, వసుంధర చేసిన పులిహోరని పసుపు రైస్ అంటూ చేత్తో ఎత్తుకు తినేవాళ్ళు, వాళ్ళ మధ్య వీడు, పగలబడి నవ్వుతూ. ఆ నవ్వు తనదే. తన నవ్వే వాడి గొంతులో విన్నాడు, వంటింటి గుమ్మం అవతల, వాళ్ళ కంటపడకుండా నిలబడి. జట్టు పోతే ఆ బూట్లు పోతాయి. గొలుసు పోతే, వాడికి పది గజాల దూరంలో నిలబడడానికి తనకున్న ఒక్క సాకూ పోతుంది.

కొలవడమే తన కొలువు. కొలుచుకునే దేవుడికైనా కొన్ని రోజులు సెలవిచ్చాడు గానీ కొలతకి ఇవ్వలేదు. గుండె నాళంలో పెట్టే స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పదహారేళ్ళుగా సూక్ష్మదర్శిని కింద వెంట్రుకలో పదో వంతు తేడా పట్టుకుని ఆ పళ్ళెం మొత్తం ఎర్ర డబ్బాలో పడేయడం ఆయన పని. రిజెక్టెడ్ అండి, అంటాడు, మర్యాదగా. అలాంటివాడికి ఈ ఆట చూస్తే నవ్వాగదు. ఇరవైమంది ఒకడి మీద పడతారు, గుట్ట కింద బంతి ఎక్కడుందో దేవుడికే తెలియదు, రెఫరీ వచ్చి గుట్ట విప్పి ఇక్కడే అని కాలితో చూపిస్తాడు, కళ్ళతో అంచనా, అడుగటో ఇటో, ఆ తర్వాత ఆ ఊహకి ఎంతో గంభీరంగా గొలుసు తెచ్చి అంగుళాల్లో కొలుస్తారు. గాలిలో మేడ కట్టి దానికి టేపు పెట్టి కొలిచినట్టు. ఇది చెప్పాలి ఎవరికో ఒకరికి. ఇరవై ఎనిమిది గజాల అవతల డెక్లన్ గొడుగు లేకుండా నానుతున్నాడు. స్కోరు బోర్డు మీద ఎనిమిది-ఆరు. ఎనిమిది మనది. నమ్మకం కలగడం లేదు, పక్కింటివాళ్ళ ఉత్తరం మన పెట్టెలో పడ్డట్టుంది ఆ ఎనిమిది. రెండో పావులో విజేతే తెచ్చాడు, నలభై గజాలు పరిగెత్తి, సీజన్లో మొదటి పాయింట్లు. అప్పుడు బ్రహ్మాజీ కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు, పెదవి కొరుక్కుంటూ, అందరూ ఎగురుతుంటే. వాడు హెల్మెట్ లోంచి ఇటు చూశాడు. నిజంగా చూశాడో, వానో.

"అన్నా, ఇంకా ఎంతుంది?" గిడియన్ పెదాలు కదపకుండా అడిగాడు.

"రెండు నిమిషాలు. బంతి మనకొచ్చింది."

"ఇట్టాగే తొక్కిపట్టి కూర్చుంటే గెలుస్తారుగా?"

"ఆపవయ్యా. గెలుపనకు. ఆ మాట వింటే పారిపోతుంది అది."

ఎందుకన్నానా మాట, గెలుస్తామని నేను మాత్రం అనుకుంటున్నానా, లేదు, పొద్దున లేచినప్పటి నుంచీ లేదు, ఏదో ఒక దారిలో పోతుంది ఇది, ఏ దారిలో అన్నదొక్కటే మిగిలింది అని ఆలోచిస్తుండగానే పదహారో నంబరు గుంపులోంచి బయటికొచ్చేశాడు, పదహారు, విజేత, సన్నగా, తడిసిన కొంగలాగే, గట్టు వెంబడి, తన కర్ర ముందు నుంచే, బురద చింది ముఖాన పడింది, వాడి ఊపిరి వినపడింది, పన్నెండు గజాలు, పడేశారు, లేచాడు, బంతి వదల్లేదు. కొత్తగా నాలుగు ప్రయత్నాలు. బ్రహ్మాజీ గుండెలో స్టెంటు లేదు గానీ ఉంటే ఊడిపోయేది. గొలుసు మార్చాలి. కర్ర కొత్త చోట పాతి, మోకాలు బురదలో దించి క్లిప్పు పెట్టాడు. క్లిప్పంటే బట్టలకి పెట్టేలాంటిదే, ఎర్రది: కొలవాల్సొచ్చి గొలుసుని మైదానం మధ్యకి తీసుకెళ్ళినప్పుడు పాత చోటు గుర్తుండడానికి, అడ్డంగా గీసిన తెల్ల గీత దగ్గర గొలుసుకి తగిలిస్తారు. గీత నాలుగంగుళాల వెడల్పు. వెనక అంచు దగ్గరే పెట్టాలి, ఎప్పుడూ వెనక అంచే, ఈ సంగతి గిడియన్‌కి బొమ్మ గీసి చూపించింది తనే. క్లిప్పు కిటుక్కున పడింది. కళ్ళు మాత్రం అప్పుడు పదహారో నంబరు మీద ఉన్నాయి. వాడు కుంటుతున్నాడు. లేదు, కుంటడం లేదు. చెయ్యి ఊపాడు ఎవరికో.

ఒకటి: నాలుగు గజాలు. రెండు: మూడు. మూడు: రెండంటే రెండు. నిమిషం మీద కొన్ని సెకన్లు. నాలుగో బంతి. నీళ్ళచారు. ఇలాంటప్పుడు ఎవరైనా బంతిని దూరంగా తన్నేస్తారు, కానీ తన్నేవాడు మడమ బెణికి కుర్చీలో కూర్చున్నాడు, ఉన్నవాళ్ళే పంతొమ్మిది మంది, డెక్లన్ రెండు చేతులూ జేబులో పెట్టుకుని తల ఊపాడు, వెళ్ళండి అని. ఒక్క గజం. వాడికే ఇచ్చారు. విజేత తల దించి గోడలోకి దూకినట్టు దూకాడు, గోడ కదిలింది, ఆగింది, మళ్ళీ కొంచెం కదిలింది, అందరూ కలిసి ఒక మూలుగు మూలిగారు, ఎవరిదో తెలియని ఒక్క మూలుగు. విజిల్. రెఫరీ గుట్ట విప్పి కాలితో చూపించాడు. అనుమానంగా ఉంది. గొలుసు తెమ్మన్నాడు. ఇదే, సీజనంతా ఇదొక్కటే మిగిలింది చెయ్యడానికి: కర్రలెత్తుకుని, క్లిప్పు దగ్గర రెండో రెఫరీ పట్టుకుని, పెళ్ళి పల్లకిలా మైదానం మధ్యకి. క్లిప్పుని గీత వెనక అంచున ఆనించాడతను. గొలుసు సాగింది. గిడియన్ కర్ర దించాడు. రెండు జట్లవాళ్ళూ ఒంగి చూస్తున్నారు. బంతి ముక్కు కర్రని దాటింది. రెండు వేళ్ళ మేర. రెఫరీ చెయ్యి చాచి ముందుకు చూపించాడు, బంతి హెరన్స్‌దే. అవతలివాళ్ళకి ఆట ఆపే అవకాశాలు అయిపోయాయి, ఇంక మోకాలు నేలకానించి గడియారం నడవనిస్తే చాలు. పంతొమ్మిది మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. విజేత రెండు చేతులూ పైకెత్తి ఆకాశం కేసి గావుకేక పెట్టాడు. రోరింగ్. అచ్చం తనలాగే.

కర్ర తిరిగి పెట్టడానికి గట్టు దగ్గరకొచ్చి కిందికి చూశాడు. మోకాలి గుంట, తన మోకాలే, నీళ్ళతో నిండుతోంది. గీతకి అవతలి పక్కన ఉంది. ముందు అంచు పక్కన. వెనక అంచు పక్కన గడ్డి నలగలేదు, పచ్చగా ఉంది. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు, పదహారేళ్ళుగా అన్నీ మూడుసార్లు చూస్తాడు గనక మళ్ళీ చూశాడు. క్లిప్పు ముందు అంచున పెట్టాను. వాళ్ళు వెనక అంచున ఆనించి కొలిచారు. గొలుసు నాలుగంగుళాలు వెనక్కి జరిగింది. నాలుగంగుళాలంటే ఐదు వేళ్ళు. దాటింది రెండు వేళ్ళు.

"ఏందన్నా?" గిడియన్ దగ్గరకొచ్చాడు. బ్రహ్మాజీ గుంట చూపించాడు. గిడియన్ చూశాడు, అర్థమైంది, బొమ్మ గీసి నేర్పింది ఇతనే కదా. "అయితే ఏంది? ఊరుకో. ఎవుడు చూశాడు?"

"నేను."

"నువ్వు చూడకు. అన్నా, వాడి మొహం చూడు ఒక్కసారి. నీళ్ళు నిండిపోతన్నయ్, ఇంకో నిమిషానికి గుంటే ఉండదు."

నిజమే. వాన మంచిదే. ఇరవైయైదు సెకన్లలో తర్వాతి ప్రయత్నం మొదలైపోతుంది, మొదలైతే ఇంక దిద్దడం లేదు, ఎవరు చెప్పినా లేదు. రెఫరీ కాలితో చూపించిన చోటే అడుగు తప్పు కావచ్చు, ఆ గుట్ట కింద బంతి నిజంగా ఎక్కడుందో ఎవడికి తెలుసు, ఆట మొత్తం అంచనాల పాయసం, అందులో నా ఐదు వేళ్ళు ఏం లెక్క. ఎద్దులు ఏమీ కోల్పోవు, వాళ్ళకి వచ్చే ఏడు మైదానముంది, మెడలున్నాయి. బూట్లు. గుమ్మంలో పద్దెనిమిది జతల బూట్లు. ఫ్రిజ్ మీద ఉత్తరం చింపేయొచ్చు రాత్రికి. వాడి నవ్వు. కానీ రెఫరీ తప్పు రెఫరీది, వాన తప్పు వానది, ఆ తప్పులన్నీ కలిపితే ఆట అవుతుంది. ఈ ఐదు వేళ్ళు నావి. కొడుకుని చూస్తూ పెట్టాను. వాణ్ణి చూడకుండా ఉంటే సరిగ్గా పెట్టేవాణ్ణి. ఇది నా దగ్గరుంటుంది, వాడు ఈ గెలుపు గురించి చెప్పిన ప్రతిసారీ, పెళ్ళిలో, పిల్లలకి, నేను పక్కన కూర్చుని నవ్వాలి, నోరు మూసుకుని, గొలుసువాడిలాగే, బతుకంతా. పద్దెనిమిది సెకన్లు. పదహారు. పదహారో నంబరు ఇటే చూస్తున్నాడు. ఈసారి వాన కాదు.

"సర్!" అన్నాడు బ్రహ్మాజీ. రెండు నెలల్లో మైదానం లోపలికి తెరిచిన మొదటి నోరు, బొంగురుగా వచ్చింది. "సర్, మిస్టేక్ అండి. మై మిస్టేక్."

రెఫరీ విజిల్ ఊదాడు. మళ్ళీ ఆండీ ఎక్కడ అని వెతకలేదు, తిన్నగా ఇతని దగ్గరికే వచ్చాడు. మోకాలి గుంట చూశాడు, ఇతని మోకాలు చూశాడు. ఆర్ యూ షూర్? అన్నాడు నెమ్మదిగా, కాదనడానికి తలుపు కొంచెం తెరిచి పెట్టి. షూర్ అండి. గొలుసు మళ్ళీ పల్లకిలా లోపలికి. క్లిప్పు ఈసారి ముందు అంచున. గిడియన్ కర్ర దించాడు, మొహం పక్కకి తిప్పుకుని. బంతి ముక్కుకీ కర్రకీ మధ్య మూడు వేళ్ళు. తక్కువ. బంతి బుల్స్‌ది. తర్వాతి యాభై సెకన్లలో ఏమీ విశేషం లేదు, జరగాల్సిందే జరిగింది: ఒకటి నేల మీద పడింది, ఒకటి పక్కకి పోయింది, మూడోది వానలో ఎత్తుగా లేచి, అవతలి చివర ఒక పొడుగాటి ఎద్దు చేతుల్లో దిగింది. పన్నెండు-ఎనిమిది. బ్రహ్మాజీ కర్ర వదల్లేదు. ఆట అయిపోయాక కూడా. వదలమని ఎవరూ చెప్పలేదు.

కుర్రాళ్ళు బురదలో ఒక మోకాలి మీద గుండ్రంగా కూర్చున్నారు, ప్రతి మ్యాచి తర్వాతా అలాగే కూర్చుంటారు. ఒకడు, ఫిన్టన్ అని, ఈ ఏడే చేరాడు, బస్తాలాంటివాడు, ముందు వరసలో ఆడతాడు, హెల్మెట్ తియ్యకుండానే ఏడుస్తున్నాడు, హెల్మెట్ లోపల పిల్లి ఉన్నట్టుంది. సగం మందికి అసలేం జరిగిందో తెలియదు. మనది అన్నారు, తర్వాత కాదన్నారు, ఎవరు చేశారు, రెఫరీ అమ్ముడుపోయాడా, గొలుసు తెగిందా. డెక్లన్ నుదుటి మీద నీళ్ళు తుడుచుకుని చెయ్యూపాడు. "ఆండీ, ఇటు రా. నువ్వే చెప్పు వీళ్ళకి. వీళ్ళు వినాలి."

వెళ్ళాడు. కర్ర పట్టుకునే వెళ్ళాడు. చెప్పాడు: గీతకి రెండంచులు, క్లిప్పు వెనక అంచున పెట్టాలి, నేను ముందంచున పెట్టాను, చూసుకోలేదు, అందుకని కొలత ఐదు వేళ్ళు మీకు ఎక్కువొచ్చింది, అది మీది కాదు, అందుకని చెప్పాను, సారీ అండి. ఒక్క శ్లేష రాలేదు. నోట్లో వెతికాడు కూడా, అలవాటుగా. లేదు. తన గొంతు తనకే వినపడనంత చిన్నగా ఉంది.

"లౌడర్, డాడ్."

విజేత. గుండ్రానికి అవతలి వైపు, తల దించుకుని, చేతి తొడుగు పట్టీ ఊడదీస్తూ. "వెనకున్నవాళ్ళకి వినపడలేదు. గట్టిగా చెప్పు."

కోపమో ఏమిటో ఆ గొంతులో తెలియలేదు. బ్రహ్మాజీ మళ్ళీ మొదలుపెట్టాడు, మైదానమంతా వినపడేట్టు, కబడ్డీ కూతలా, ఊపిరాగేదాకా, గీతకి రెండంచులండి, నేను ముందంచున పెట్టానండి. కారు పార్కులో తలుపులు తీస్తున్న ఎద్దుల జట్టు కూడా ఆగి విన్నది. కారణం కూడా చెప్పేశాడు, ఇంక దాచేదేముంది, మా అబ్బాయి పరిగెత్తాడండి, వాణ్ణి చూస్తూ పెట్టానండి. అయిపోయింది. ఎవరూ నవ్వలేదు.

ఫిన్టన్ హెల్మెట్ తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆగు. ఆండీ మీ నాన్నా?"

"అవును," అన్నాడు విజేత. "ఆయన పేరు ఆండీ కాదు. బ్రహ్మాజీ." ఆ పేరు వాడి నోట్లో కొంచెం ఐరిష్‌గా, ఎత్తు పల్లాలుగా వచ్చింది, అయినా మొత్తం వచ్చింది. "మొదటి రోజు కోచ్ తప్పు విన్నాడు. నేను అక్కడే ఉన్నాను. చెప్పాల్సింది. చెప్పలేదు."

డెక్లన్ అడిగాడు. "మరి ఆండీ అంటే?"

"ఆండీ కాదు, అండి. మా భాషలో మర్యాదకి మాట చివర పెడతారు. మీరు సర్ అంటారే, అలాంటిది. ఆయన అందరికీ పెడతాడు. ఆపుకోలేడు."

ఫ్రిస్బీ వాళ్ళకి వెళ్ళిపోయిన మైదానం మీద వాన తెల్ల గీతల్ని ఒక్కొక్కటే కడిగేస్తోంది.

"అంటే," అన్నాడు ఫిన్టన్, ముక్కు తుడుచుకుని, "నలభై-సున్నా రోజు కూడా ఈయన మమ్మల్ని సర్ అనే పిలిచాడా?"

"ప్రతిసారీ," అన్నాడు విజేత.